కోటు తప్పనిసరి కాదు

ఖమ్మంలో అంతోనయ్య మాస్టర్ దగ్గర షుకూర్ నాలుగేళ్లు కోటు పని నేర్చుకున్నాడు. అందులో మొదటి ఏడాదంతా కాజాలే కుట్టాడు. చర్చి ఫాదర్ల పొడుగు అంగీలు, పెళ్లికొడుకుల సూట్లు, లాయర్ల నల్లకోట్లు కుట్టే షాపు అది. మాస్టర్ ఎవరి మీదా చెయ్యి చేసుకునేవాడు కాదు. కుట్టు వంకర పోతే కోటును బల్ల మీద పరిచి, "ఏందిరా షుకూరూ ఇది? గోదారి ఒడ్డు గీసినవా?" అనేవాడు. షుకూర్ మళ్లీ మొదటి నుంచి విప్పేవాడు.

భద్రాచలంలో వాళ్ల అబ్బాకు చిన్న టైలరింగ్ షాపు ఉండేది. ఫారెస్టు గార్డుల ఖాకీలు, బస్సు కండక్టర్ల యూనిఫాంలు, ఆశ్రమ పాఠశాల పిల్లల చొక్కాలు కుట్టేవాడు. కొడుకు కోటు నేర్చుకుని వస్తే షాపుకు పేరొస్తుందని ఆయన ఆశ. షుకూర్ వచ్చీ రాగానే బోర్డు మీద 'సూట్ స్పెషలిస్ట్' అని రాయించాడు. మూడు నాలుగు పెళ్లిళ్ల సీజన్లు బాగానే నడిచింది. ఆ తర్వాత కొత్తగూడెంలో, మణుగూరులో రెడీమేడ్ షోరూములు వెలిశాయి. కోట్లు కిరాయికి కూడా దొరకసాగాయి. ఒక్క పూట తొడుక్కునేదానికి కుట్టించుకోవడం ఎందుకనుకున్నారు జనం. బోర్డు అలాగే ఉంది గానీ చేతిలోకి మళ్లీ ఖాకీ గుడ్డే వచ్చింది.

ఆ రోజుల్లోనే ఎబినేజర్ ఒక ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి షాపుకు వచ్చాడు. అతనిది కారేపల్లి. టూరిస్టులను దేశదేశాలు తిప్పే పెద్ద ఓడలో వెయిటరు. సెలవు మీద అత్తగారింటికి వచ్చి ఉన్నాడు. గోడకు వేలాడుతున్న నల్లకోటు కాలర్ని వేళ్లతో తడిమి చూశాడు.

"ఇది చేత్తో వేసిన కుట్టేనా భాయ్?"

"అవ్, చేత్తోనే. ఎందుకు?"

"మా షిప్పుల టైలర్ పనిడిసిపెట్టి పోయిండు. కోటు పని తెలిసినోని కోసం దేవులాడుతున్నరు. వస్తవా?"

షుకూర్‌కు నవ్వొచ్చింది. "సముద్రంల సూట్లెవలు కుట్టించుకుంటరయ్యా?"

"కుట్టించుకోరు భాయ్, తొడుక్కుంటరు. వారంల రెండు దినాలు ఫార్మల్ నైట్ ఉంటది. ఆ దినం కోటు లేనోన్ని అన్నం కాడికి రానియ్యం."

షుకూర్ ఆ మాట నమ్మలేదు. లక్షలు పోసి టికెట్టు కొనుక్కున్నవాణ్ని కోటు లేదని అన్నం దగ్గర ఆపుతారా? కానీ ముంబైలో ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. అక్కడ ఒక కోటు ఇచ్చి చంక దగ్గర కుట్టు విప్పి మళ్లీ వెయ్యమన్నారు. గంటలో వేసి ఇచ్చాడు. రెండు వేల పదకొండులో, కూతురు ఫరహాకు రెండేళ్లప్పుడు, భార్య జహీదా భద్రాచలం బస్టాండులో బస్సు కదిలేదాకా నిలబడి అతన్ని సాగనంపింది.

ఓడలో అతని గది అడుగు నుంచి మూడో అంతస్తులో, లాండ్రీ పక్కన. కిటికీ లేదు. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, తలపైన ట్యూబులైటు. పక్క గదిలో రాడ్లకు వరసగా అరవై రెండు నల్లకోట్లు వేలాడేవి. కోటు తెచ్చుకోనివాళ్లకు కిరాయికిచ్చేవి అవి. వాటి కాలర్లకు సాటిన్ పట్టీ, లోపలి జేబు మీద ఓడ కంపెనీ గుర్తు ఉండేవి.

ఫార్మల్ నైట్ అంటే ఏమిటో మొదటి వారంలోనే తెలిసింది. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యేది ఆ హడావుడి. ఊడిన గుండీలు, బిగుసుకుపోయిన నడుములు, కింద జీరాడే గౌన్లు. గదుల నుంచి పనివాళ్లు సంచులు మోసుకొచ్చి అతని బల్ల మీద గుట్టగా పోసేవాళ్లు. ఏడింటికల్లా అన్నీ మళ్లీ పైకి పోవాలి. ఆ ఐదు గంటలూ తల ఎత్తేవాడు కాదు. ఏడు దాటాక నడుం వాల్చి పడుకుంటే, తన చెయ్యి పడిన పదుల కొద్దీ బట్టలు ఎక్కడో పైన దీపాల కింద తిరుగుతున్నాయన్న ఊహ కలిగేది. ఆ హాలు అతను చూసింది లేదు. అక్కడికి వెళ్లే పాసు అతనికి లేదు.

రెండో ఏడు ఒకసారి ఎబినేజర్ ఒక ప్యాసింజరును వెంటబెట్టుకుని కిందికి వచ్చాడు. ప్యాసింజర్లు అంత కిందికి రావడం రూలు కాదు. ఆ మనిషిది చాలా పెద్ద ఒళ్లు. విమానంలో పెట్టె పోయిందట. ముసలి తల్లి డెబ్బయ్యో పుట్టినరోజుకని ఆమెను తీసుకొచ్చాడట. తల్లి పైన బల్ల దగ్గర కూర్చుని ఉంది, కొడుకును గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆపింది ఎబినేజరే. ఆ రోజు గుమ్మం డ్యూటీ అతనిది.

"చూడు భాయ్, ఏమన్న అయితదా? నాకు మొఖం చెల్లుతలేదు," అన్నాడు తెలుగులో.

అరవై రెండు కోట్లలో పెద్దది కూడా అతని వీపుకు రెండు బెత్తెలు తక్కువ వచ్చింది. షుకూర్ ఒక పాత నల్ల ప్యాంటు కత్తిరించి, కోటు వీపు నడి కుట్టు విప్పి, మధ్యలో ఆ గుడ్డ అతికాడు. నలభై నిమిషాలు పట్టింది. ముందు నుంచి చూస్తే కోటు నిండుగా ఉంది, వెనక మాత్రం అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఆ పెద్దమనిషి షుకూర్ చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. భోజనం అయ్యేదాకా ఎవరికీ వీపు చూపకుండా గోడవారగానే నడిచాడని ఎబినేజర్ తర్వాత చెప్పాడు.

"ఏం రూలు భాయ్ ఇది? అమ్మతోని బువ్వ తినేటందుకు గంత అవమానమా?"

షుకూర్ అవునన్నాడు. కానీ నలభై నిమిషాల్లో ఆ వీపు కలిపినందుకు లోలోపల గర్వం కూడా కలిగింది. ఆ రూలు లేకపోతే తన పనే లేదు. ఆ సంగతి అతనికి తెలుసు.

హోల్డెన్ అనే ముసలాయన పరిచయమైంది ఆ తర్వాత మూడేళ్లకు. బ్రిటన్‌లో ఎక్కడో స్కూల్లో లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ప్రతి జనవరిలో భార్యతో అదే ఓడ ఎక్కేవాడు. ఆయన నల్లకోటు పెళ్లినాటిది. చేత్తో కుట్టింది. దాన్ని పనివాళ్ల సంచిలో వేసి పంపడం ఆయనకు ఇష్టం లేదు. పట్టుబట్టి షుకూర్ని తన గదికే పిలిపించుకున్నాడు. షుకూర్ ఆ కోటు తిరగేసి అస్తరు లోపలి కుట్టు చూసి, దాని మీద బొటనవేలు ఒకసారి నడిపాడు. అంతోనయ్య మాస్టర్ అయినా దాన్ని విప్పమనేవాడు కాదు.

"ఎవరు కుట్టారో తెలుసా మీకు?" అని తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగాడు.

"మా నాన్న," అన్నాడు హోల్డెన్. "ఆయనా మీలాగే."

అప్పటి నుంచి ప్రతి జనవరిలోనూ పిలుపొచ్చేది. మొదటి ఏడు నడుము దగ్గర అర అంగుళం లోపలికి తియ్యాల్సి వచ్చింది. మరుసటి ఏడు ఇంకో అర అంగుళం. ఆ పై ఏడు భుజాలు కూడా జారాయి. ముసలాయన ఒంట్లో బాగుండటం లేదని భార్య కంటే ముందు షుకూర్ టేపుకే తెలిసింది. అతను కత్తిరించకుండా గుడ్డను లోపలికి మడిచి కుట్టేవాడు, మళ్లీ ఒళ్లు చేస్తే విప్పడానికి వీలుగా. ముసలాయన అది గమనించేవాడు. "మీరు ఆశావాది," అని నవ్వేవాడు.

రెండు వేల పదిహేడులో షుకూర్ వాళ్ల అబ్బా పోయాడు. జహీదా ఫోను చేసేసరికి ఓడ చుట్టూ నాలుగు రోజుల దూరం నీళ్లే.

"ఫరహా అబ్బా, ఇంక ఆపేటట్టు లేదు. జనాజా ఇయ్యాల్నే. మీరు అక్కడ్నే నమాజు చేసుకోండ్రి," అంది.

"కఫన్ ఎవలు కోసిన్రు?"

"మా అన్న కోసిండు."

శవానికి చుట్టే కఫన్ గుడ్డకు కుట్టు ఉండదు. కొలిచి కోయడమే. జీవితమంతా ఊరందరికీ బట్టలు కుట్టినవాడికి ఆ కోత కోయడానికి కొడుకు లేడు. ఆ రోజు ఫార్మల్ నైట్. బల్ల మీద సంచులు గుట్టపడి ఉన్నాయి. లాండ్రీ హెడ్ వచ్చి, కావాలంటే గంటసేపు కూర్చోమంది. షుకూర్ పావుగంట కూర్చుని లేచాడు. ఆ సాయంత్రం పదకొండు గుండీలు, నాలుగు నడుములు, రెండు గౌన్లు పైకి వెళ్లాయి.

అప్పటికే పైన రూలు సడలుతోంది. వారానికి రెండు ఫార్మల్ నైట్లు ఉండేవి కాస్తా ఒకటైంది. తర్వాత హాలు ముందు బోర్డు మీద 'కోటు ఉంటే బాగుంటుంది' అని రాశారు. ఆ తర్వాత 'మీ ఇష్టం' అన్నారు. కుర్ర ప్యాసింజర్లు, సెలవులకు వచ్చి మెడకు ఉరి వేసుకోవాలా అని కంపెనీకి ఉత్తరాలు రాశారట. పాతవాళ్లు, ఇది ఓడా సంతా అని ఎదురు రాశారట. రెండూ ఎబినేజర్ చెప్పిన సంగతులే. అతనికి మాత్రం సంతోషంగానే ఉంది.

"మంచిగయింది భాయ్. బువ్వ కాడ బట్టలేంది? ఇగ నేను ఎవన్నీ వాకిట్ల ఆపేది లేదు."

"మరి నీ మెడ కాడి గుండీ?"

ఎబినేజర్ నవ్వాడు. "అది తీస్తే ఉద్యోగం తీస్తరు. విప్పుకునేది వాళ్లు, మనం కాదు."

కరోనా వచ్చి ఓడలన్నీ ఆగిపోయాయి. షుకూర్ రెండేళ్లు భద్రాచలంలోనే ఉన్నాడు. మాస్కులు కుట్టాడు, స్కూళ్లు తెరిచాక యూనిఫాంలు కుట్టాడు. అప్పుడే సుగరు బయటపడింది. రెండు వేల ఇరవై రెండు జూలైలో గోదావరి పొంగి, షాపులో నిలువెత్తు నీళ్లు నిలిచాయి. మిషను తలను మాత్రం విప్పి అటక మీదికి ఎక్కించగలిగారు. ముగ్గురూ ఒక స్కూల్లో తలదాచుకున్నారు. బెంచీల మీద పరుపులు ఆరేసుకుంటూ ఉండగా ముంబై నుంచి మళ్లీ రమ్మని మెసేజి వచ్చింది.

"నీళ్లు దిగకముందే పోతరా?" అంది జహీదా.

"ఈడుండి ఏం చెయ్యాలె? బురద ఎత్తిపొయ్యాల్నా?"

ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. బురద జహీదా, పదమూడేళ్ల ఫరహా ఎత్తిపోశారు.

తిరిగి ఓడ ఎక్కేసరికి ఫార్మల్ నైట్ అన్న పేరే తీసేశారు. నిక్కర్లతో, రబ్బరు చెప్పులతో భోజనాల హాలుకు వస్తున్నారు జనం. రాడ్డు మీది కోట్లను వారానికి ఒకటో రెండో అడిగితే గొప్ప. మధ్యాహ్నాలు షుకూర్ బల్ల ఖాళీ. దుప్పట్లకు అంచులు కుట్టమన్నారు, పనివాళ్ల యూనిఫాంల చిరుగులకు అతుకులు వెయ్యమన్నారు. అతను వేశాడు.

రెండు వేల ఇరవై నాలుగు జనవరిలో హోల్డెన్ దంపతులు మళ్లీ వచ్చారు. ఈసారి ముసలాయన చేతికర్రతో ఉన్నాడు. కోటు తొడిగితే ఇంకొకరిది తొడిగినట్టుంది. మూడు అంగుళాలు లోపలికి తీయాల్సి వచ్చింది. షుకూర్ ఎప్పటిలాగే గుడ్డ కత్తిరించకుండా లోపలికి మడిచాడు. ఈసారి ముసలాయన నవ్వలేదు.

"హాల్లో నేనొక్కణ్నే ఉంటానేమో దీనితో," అన్నాడు.

"వేసుకోండి సార్. కోటు బాగుంది."

ఆ రాత్రి ఏం జరిగిందో మర్నాడు పొద్దున మెస్సులో టీ తాగుతూ ఎబినేజర్ చెప్పాడు. ముసలాయన నల్లకోటు తొడుక్కుని, మెడకు బో కట్టుకుని, భార్య కోసం హాలు మధ్యలో నిలబడి ఉన్నాడట. పక్క బల్ల దగ్గర నిక్కర్లు వేసుకున్న కుర్ర జంట ఆయన వైపు వేలు ఊపి, నీళ్లు తెమ్మన్నారట. ఐసు ఎక్కువ వెయ్యమని కూడా చెప్పారట.

"వెయిటర్ అనుకున్నరు భాయ్. నల్లకోటు ఏసుకునేది ఇప్పుడు మేమొక్కళ్లమే కదా."

"మరి నువ్వేం చేసినవ్?"

"నేను ఉరికెళ్లేలోపల్నే ఆయన కర్ర పక్కన బెట్టి జగ్గు తీసుకున్నడు. పోసిండు. చెయ్యి వణికి బల్ల మీద పడ్డయి నీళ్లు. ఆ పోరి ఏమన్నదో తెల్సా? 'జర చూసి పొయ్యి' అన్నది."

షుకూర్ టీ పక్కన పెట్టేశాడు. ఆ పూట కోటు ఇస్త్రీ చేయాలని మిషపెట్టి వాళ్ల గదికి వెళ్లాడు. భార్య బయటికి వెళ్లింది. ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నిన్న నాకు ఉద్యోగం దొరికింది, విన్నారా?" అన్నాడు. మళ్లీ ఆయనే, "నిజం చెప్పండి. నేను నవ్వులాటగా కనిపిస్తున్నానా?" అని అడిగాడు.

షుకూర్‌కు చాలా చెప్పాలనిపించింది. ఆ కోటు కుట్టిన చెయ్యి గురించి, తన అబ్బా గురించి, అంతోనయ్య మాస్టర్ గురించి. ఇంగ్లీషు సరిపోలేదు, ధైర్యమూ సరిపోలేదు. "కోటులో ఏ లోపమూ లేదు సార్," అని మాత్రం అన్నాడు.

ముసలాయన తల ఊపి, "థాంక్యూ" అన్నాడు.

ఆయన అడిగింది కోటు గురించి కాదని షుకూర్‌కు లిఫ్టు దగ్గరికి వచ్చాక తట్టింది. వెనక్కి వెళ్దామనుకున్నాడు. వెళ్లలేదు. రెండో రోజు తెల్లవారి ముసలాయన నిద్రలోనే పోయాడు.

అంత పెద్ద ఓడల్లో చావులు కొత్తేమీ కాదు. అందుకని అడుగు అంతస్తులో చల్లగా ఉండే గది ఒకటి ఉంటుంది. రేవు వచ్చేదాకా శవాన్ని అందులో ఉంచుతారు. హోల్డెన్ భార్య ఒక్కటే కోరింది, ఆయనకు కోటు తొడగాలని. తొడిగేవాడు షుకూరే అయి ఉండాలని. డ్యూటీ నర్సుకు ఏం చెయ్యాలో తెలియక లాండ్రీకి ఫోను చేసింది.

బిగుసుకున్న చేతులు కోటులోకి దూరవు. మామూలుగా అయితే వీపు నిలువునా కత్తిరించి ముందు నుంచి తొడిగేస్తారు. నర్సు కత్తెర ఇచ్చింది. షుకూర్ దాన్ని పక్కన పెట్టి, జేబులోంచి చిన్న బ్లేడు తీసి, నడి కుట్టును ఒక్కో పోగు విప్పుతూ వచ్చాడు. ఆ చలికి వేళ్లు తిమ్మిరెక్కాయి. యాభై ఏళ్ల నాటి దారం పుటుక్కు పుటుక్కున తెగుతుంటే, లోపల ఇన్నేళ్లుగా తాను మడిచి దాచిన గుడ్డంతా ఒక్కో మడతే బయటికి వచ్చింది. మళ్లీ ఒళ్లు చేస్తే పనికొస్తుందని దాచిన గుడ్డ అది. దాన్నంతా పరిచి, చేతులు ఎక్కించి, వీపు కింద రెండు అంచులూ కలిపి, శవాన్ని పక్కకు వాల్చి పట్టుకోమని నర్సును అడిగి, కచ్చా కుట్లు వేశాడు.

"ఎవరూ చూడరు కదా, వెనక కుట్టు ఎందుకు?" అంది నర్సు.

అతను ఇంకో కుట్టు వేశాడు. తన అబ్బాకు చెయ్యలేనిది ఇక్కడ, దేశం కాని దేశపు మనిషికి చేస్తున్నాడు. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ కుర్ర జంట మీద కాదు, వాళ్లకు తెలియదు. కంపెనీ మీదా? తన మీదా? ఆ బురదలో ఇద్దరినీ వదిలేసి వచ్చినందుకా? బో కట్టి, కాలరు సర్ది బయటికి వచ్చాడు. హోల్డెన్ భార్య గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అతని చల్లటి వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

మార్చిలో ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కాంట్రాక్టు అయిపోగానే టైలర్ పోస్టు ఎత్తేస్తున్నారు. దాంతోపాటే ఇంకో పని చెప్పారు. కిరాయి కోట్లు ఇక అక్కర్లేదు. వాటి మీద కంపెనీ గుర్తు ఉంది కాబట్టి అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ముక్కలు చేసి ఇంజిను గదికి తుడుపు గుడ్డలుగా పంపాలి.

"గుర్తు విప్పేసి పనోళ్లకు తలా ఒకటి ఇయ్యొచ్చు కదా," అని లాండ్రీ హెడ్‌ను బతిమాలాడు.

ఆమె మంచి మనిషే. కానీ తల అడ్డంగా ఊపింది. "నీ చేతుల్లోనూ లేదు, నా చేతుల్లోనూ లేదు," అంది.

ఆ సాయంత్రం ఎబినేజర్ వచ్చాడు. అతని చెల్లెలి పెళ్లి మే నెలలో. "పెండ్లిపిలగానికి ముప్పై ఎనిమిది సైజుది ఒక్కటి పక్కకు పెట్టు భాయ్. నేను సూట్‌కేసుల అడుక్కు పెట్టుకుంట."

"దిగేటప్పుడు బ్యాగులు చూస్తరు తమ్మీ. దొరికితే నా సర్టిఫికెట్ ఖరాబ్ చేస్తరు."

"నీ పోస్టే లేదు, ఇంక సర్టిఫికెట్ ఏంది?"

"నీది ఖరాబైతది. నీకు ఉద్యోగం ఉంది కదా."

"నా సంగతి నేను చూసుకుంట గదా. నువ్వియ్యనంటవా?"

షుకూర్ ఇవ్వలేదు. ఇన్నేళ్లూ చెప్పిన మాట విన్నవాడికి ఆ ఒక్క రోజు వినకుండా ఉండటం చేతకాలేదు. నాలుగు రోజులు కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. ముందు గుండీలు కోసి డబ్బాలో వేసేవాడు, తర్వాత చేతులు, తర్వాత వీపు. ముప్పై ఎనిమిది సైజువి ఎనిమిది ఉన్నాయి. వాటిని ఆఖరున కోశాడు. బొటనవేలి మీద కత్తెర ఒరిసి బొబ్బలు లేచాయి. సుగరు ఒంటికి అవి చీము పట్టాయి.

ఓడ దిగే రోజు ఎబినేజర్ సాగనంపడానికి రాలేదు. డ్యూటీలో ఉన్నాడన్నారు. ఆ డ్యూటీ మార్పించుకోవడం అంత కష్టమేమీ కాదని షుకూర్‌కు తెలుసు.

భద్రాచలం వచ్చేసరికి షాపు షుకూర్‌ది కాకుండా పోయింది. వరద తర్వాత జహీదా దాన్ని కిందామీదా పడి నిలబెట్టి, జాకెట్లు, నైటీలు కుట్టుకుంటూ నడుపుతోంది. ఆడవాళ్ల షాపు అది ఇప్పుడు. అతను లోపల కూర్చుంటే వచ్చినవాళ్లు కొలతలు ఇవ్వడానికి వెనకాడుతున్నారు. పది రోజులు చూసి జహీదాయే నెమ్మదిగా చెప్పింది.

"మీరు ఇంట్ల ఉండి కుట్టుండ్రి. నేను తెచ్చిస్త."

ఇంట్లో కూర్చుంటే, బురద గురించి తానన్న మాటే గుర్తొచ్చేది. జహీదా దాన్ని ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే కొంత బాగుండేదేమో. పినపాక వైపు వెళ్లే బస్సెక్కి మణుగూరు వెళ్లి, ఒక రెడీమేడ్ షోరూములో ఆల్ట్రేషన్ పని అడిగాడు. ఇచ్చారు. మెట్ల కింద స్టూలు, పక్కన మిషను. జీన్సు ప్యాంట్లు పొట్టి చెయ్యడం, చొక్కాల చేతులు తగ్గించడం. అక్కడ అతను ఓడ మాట ఎత్తడు. ఒకసారి సేల్స్‌గర్ల్ పద్మప్రియ, "మాస్టర్, మీరు ఫారిన్‌ల చేసిన్రట గదా?" అని అడిగితే, "చేసిన. గీ పనే," అన్నాడు.

చూపు బాగా తగ్గింది. కంటి వెనక నరాలు సుగరుకు పాడయ్యాయని ఖమ్మం దవాఖానాలో చెప్పారు. మిషను మీద పని అలవాటు కొద్దీ సాగిపోతుంది గానీ చేతి సూదిలో దారం ఎక్కించడం కుదరడం లేదు. అది తెలిసిన నాటి నుంచి జహీదా పొద్దున్నే టీ పెట్టి, ఇరవై సూదులకు దారాలు ఎక్కిస్తుంది. నీలం ఎనిమిది, తెలుపు ఆరు, మిగిలినవి ఖాకీ రంగు. దూది ఉండకు గుచ్చి, డబ్బాలో పెట్టి టిఫిను సంచిలో వేస్తుంది. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు. ఫరహా కాలేజీకి వెళ్తూ వెళ్తూ ఒక్కోసారి రెండు సూదులు ఎక్కువ ఎక్కిస్తుంది.

మామూలు రోజుల్లో ఇరవై సరిపోతాయి. పెళ్లిళ్ల సీజనులో చేతి కుట్ల పని ఎక్కువై మధ్యాహ్నం మూడింటికల్లా అయిపోతాయి. ఎక్కించమని పక్కన ఎవరినైనా అడగొచ్చు. అడిగితే కళ్లు కనబడవన్న సంగతి బయటపడుతుంది, ఈ స్టూలు కూడా పోతుంది. అందుకని బట్ట ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో మడత సర్దుతున్నట్టు, కొలుస్తున్నట్టు కూర్చుంటాడు. షట్టరు దించేదాకా అలాగే.

మేనేజరు మెట్ల మీంచి వంగి చూస్తాడు. "ఏంది మాస్టర్, అది ఇంకా కాలేదా?"

"అయితది సార్," అంటాడు షుకూర్, తల ఎత్తకుండా.